ఉద్వాసన లేని బొమ్మలు

వాడకం అయిపోయిన దేవుడి బొమ్మను ఏం చేయాలి? పైకి చిన్న ప్రశ్నే. కానీ మార్కాపురంలో పుస్తకాలూ కాగితాలూ కవర్లూ అమ్ముకుని బతికే నాకు ఇది రోజూ ఎదురయ్యే ధర్మసందేహం. నిరుటి క్యాలెండరు మీద వేంకటేశ్వరుడు. అగరొత్తుల డబ్బా మీద సాయిబాబా. కుంకుమ కవరు మీద అమ్మవారు. పెళ్లయిపోయిన శుభలేఖ మీద మా ఊరి లక్ష్మీచెన్నకేశవుడు. వీటిలో ఒక్కదాన్నయినా చెత్తలో వేయడానికి చెయ్యి రాదు. ఉంచుకుందామంటే ఎన్నని ఉంచుకుంటాం? అందుకే జనం అన్నిటినీ ఓ సంచిలో మూటగట్టి, ఏ రావిచెట్టు అరుగు మీదనో పెట్టి, దణ్ణం పెట్టుకుని వచ్చేస్తారు. బరువు చెట్టుకు అప్పగించి మనం తప్పుకోవడమే అది.

మొన్న కార్తీకానికి ముందు ఇల్లు దులుపుకున్న ఒక పెద్దావిడ అలాంటి మూటే తెచ్చి నా బల్ల మీద పెట్టింది. "యాడ పెట్టాల నాయనా ఈ స్వాముల్ని? కాయితాలు అమ్మేటోడివి, నీకే తెలియాల" అంది. ఒక్కొక్కటే బయటికి తీసి వేరుచేశాను. చూడ్డానికి అన్నీ దేవుళ్లే. పట్టుకుంటే మాత్రం దేనికదే వేరే జాతి. పాత పంచాంగం న్యూస్‌ప్రింటు. అంచులు పసుపెక్కి, మడిస్తే చిట్లిపోతోంది. క్యాలెండరు ఆర్టు పేపరు. సుద్దలాంటి పూత ఉండబట్టి నున్నగా మెరుస్తుంది, తడిస్తే ఒక పేజీ ఇంకో పేజీకి అంటుకుపోతుంది. శుభలేఖ అట్ట మూల గోటితో లేపాను. పైనున్న సన్నటి ప్లాస్టిక్ పొర ఒకవైపు, కాగితం ఒకవైపు విడిపోయాయి. బంగారు రంగు స్వామి పొరతోపాటే వచ్చేశాడు. అగరొత్తుల లోపలి కవరు వెండిలా తళతళమంటుంది కానీ అది రేకు కాదు. గుప్పెట్లో నలిపి వదిలితే మళ్లీ విచ్చుకుంది, అంటే ప్లాస్టిక్ మీద లోహపు పూత. కుంకుమ కవర్లలో కరకరలాడేది పాలీప్రొపిలీన్, మెత్తగా సాగేది పాలిథిన్. అడుగున ఒక ఫ్లెక్సీ ముక్క. వానాకాలం కట్టెల మీద కప్పుకుందట. అందులో స్వామి ముఖం సగమే ఉంది. పాలియెస్టర్ దారాల అల్లిక మీద పీవీసీ పూత అది. కాగితం వాసన కూడా దానికి లేదు.

పెద్దలు మనకు చూపించిన దారులు మూడు. నిప్పులో కలపడం, నీటిలో కలపడం, మట్టిలో కలపడం. పంచాంగం మూడింటికీ ఒప్పుకుంటుంది. కాగితమంటే చెట్టు నారే కదా, కాలిస్తే బూడిద, నానితే గుజ్జు, పాతితే ఎరువు. ఫ్లెక్సీ సంగతి అలా కాదు. నిప్పులో వేస్తే పీవీసీలోని క్లోరిన్ ఆమ్లపు ఆవిరై గొంతు పట్టుకుంటుంది. ఇంకా ఘోరమైన డయాక్సిన్లూ పుడతాయి. హోమం చేసే దేశంలో అలాంటి పొగను దేవుడి పేరు మీద లేపడమేంటి? నీటిలో వేస్తే పాలిథిన్, పాలీప్రొపిలీన్ నీటికన్నా తేలిక కాబట్టి పైన తేలతాయి. పీవీసీ బరువు, అడుగుకు పోయి కూర్చుంటుంది. పాతిపెడితే, పదేళ్ల తర్వాత నాగలికి తగులుకుని అదే రంగుతో పైకి వస్తుంది. పంచభూతాల్లో ఏదీ దాన్ని తనలోకి తీసుకోదు.

వినాయకచవితి పూజ చూడండి. మొదట ఆవాహన, చివర ఉద్వాసన. మట్టి విగ్రహాన్ని చేత్తో కొద్దిగా కదిపి, ఇక వెళ్లిరా స్వామీ అంటాం. తర్వాత నీటిలో కలుపుతాం. రావడమూ పోవడమూ రెండూ పూజలో భాగాలే. పోలేని దాన్ని పిలవడం ఏ పద్ధతి? నా అసలు సందేహం ఇదీ.

గుళ్లో అర్చకులవారిని అడిగాను. ఆయన జవాబు సూటిగా ఉంది. "ఆవాహన చేస్తేనే అది మూర్తి. అచ్చు వేసిన బొమ్మకు ఎవరు ఆవాహన చేశారు? చేయనిదానికి ఉద్వాసన అక్కర్లేదు, నిశ్చింతగా ఉండు" అన్నారు. శాస్త్రం ప్రకారం ఆ మాట కాదనలేను. కానీ అది నాకు చాల్లేదు. కాలికి కాగితం తగిలితే వెంటనే వంగి కళ్లకద్దుకునే అలవాటు మన పిల్లల్లో ఇంకా ఉంది. ఆ కాగితం మీద రామనామం ఉందో, కిరాణా పద్దు ఉందో ఆ చెయ్యి చూసుకోదు. ఆవాహన అయిందా అని అడగదు. ఆయుధపూజ నాడు కాటాకూ కత్తెరకూ బొట్టు పెడతాం, చీపురును కాలితో తన్నం. మన భక్తి ఆగమాలకన్నా వెడల్పయింది. మనకు పనికొచ్చిన ప్రతి వస్తువుకూ మనం రుణపడ్డామనే భావం దాని వేరు. కాబట్టి బొమ్మ ఉన్న కవరుకు మర్యాద ఎలా చేయాలన్న ప్రశ్న చివరికి కవరుకు మర్యాద ఎలా చేయాలన్న దగ్గరికే వస్తుంది.

పూర్వులు వస్తువు గుణం తెలియకుండా దాని ఆచారం చెప్పలేదు. మనుస్మృతి అయిదో అధ్యాయంలో ద్రవ్యశుద్ధి ప్రకరణం ఉంది. మనుషుల గురించి ఆ గ్రంథం చెప్పే చాలా మాటలు నేను ఒప్పుకోను. వస్తువుల గురించి చెప్పినవి మాత్రం వాటిని వాడిన చేతులు చెప్పినవే. లోహాన్నీ రాతినీ బూడిదతో, నీళ్లతో తోమితే చాలు. కొయ్యను చెక్కాలి. మట్టికుండ మైలపడితే మళ్లీ కాల్చాలి, మరీ పాడైతే వదిలేయాలి. ఎందుకంటే కుండకు సన్నటి రంధ్రాలుంటాయి, పీల్చినదాన్ని కడిగితే వదలదు. పాలిథిన్ పుట్టిందే 1933లో, ఇంగ్లండులో. దానికి శుద్ధి చెప్పడానికి ఏ స్మృతికర్తా లేడు. మా అమ్మ తనంతట తానే చెప్పుకుంది. మడి నీళ్లు ప్లాస్టిక్ బిందెలో పట్టేది కాదు, పచ్చడి ప్లాస్టిక్ డబ్బాలో పెట్టేది కాదు. అది ఉత్త చాదస్తమని ఇంట్లో చిన్నవాళ్లు అనుకునేవారు. తర్వాత చూస్తే పసుపూ నూనే ప్లాస్టిక్‌లోకి దిగి ఎంత తోమినా పోవు, గీత పడితే ఆ గీతలో జిడ్డు నిలుస్తుంది. పైకి రాయిలా కనబడుతుంది గానీ కుండలా పీలుస్తుంది. అమ్మ చేతికి అది తెలుసు.

రాయి అన్నాను కాబట్టి పలక దగ్గరికి వస్తాను. మార్కాపురం పేరు చెబితే తెలుగువాళ్లకు మొదట గుర్తొచ్చేది పలకే. మా చుట్టూ ఉన్న రాయిని భూగర్భ శాస్త్రజ్ఞులు మా దగ్గరి ఊరు కంభం పేరుతోనే పిలుస్తారు. వంద కోట్ల ఏళ్లకు పైబడిన బురద గట్టిపడి, భూమి ఒత్తిడికి పొరలు పొరలుగా చీలే గుణం తెచ్చుకుంది. మా నాయన పలకల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. దిమ్మెను నిలబెట్టి, అంచున ఉలి ఆనించి, సుత్తితో ఒక్క మెత్తని దెబ్బ వేస్తే రాయి తనంతట తానే రెండుగా విడిపోయేది. గట్టిగా కొడితే ముక్కలవుతుంది. ఎక్కడ విడిపోవాలని రాయికి ఉందో అక్కడే అడగాలి అనేవాడు. చట్రం బిగించబోయే ముందు మెటికతో తట్టి చూసేవాడు. ఖంగుమంటే మంచి పలక, బొంగురుగా పలికితే లోపల కంటికి కనబడని బీట ఉన్నట్టు. ఇప్పటికీ నేను అలాగే తట్టి అమ్ముతాను.

పలకకున్న మర్యాద కాగితానికున్న మర్యాద లాంటిది కాదు. అక్షరాభ్యాసం నాడు దానికి పసుపూ కుంకుమా పెడతారు, ఓనమాలు దిద్దిస్తారు. మరునాడు ఆ ఓనమాలనే తుడిచేస్తారు. తుడవడం పాపం కాదు, ఉమ్మితో తుడిస్తేనే పాపం. తడిగుడ్డతో తుడవమని అమ్మలు కసిరేది అందుకే. పలక పాతబడితే బొగ్గూ ఆకుపసరూ రుద్ది మళ్లీ నల్లగా చేసుకునేవాళ్లం. అన్న వాడిన పలక తమ్ముడికి, తమ్ముడిది చెల్లెలికి. పగిలితే పెరట్లో పడేస్తే సరి, రాయి రాళ్లలో కలిసేది. అక్షరం నిమిషం ఉండేది, పలక తరం ఉండేది, రాయి ఎప్పటికీ ఉండేది. మూడింటిలో దేని ఆయుష్షూ రెండోదానికి అడ్డం రాలేదు.

అయితే ఇక్కడ ఆగి ఇంకో మాట చెప్పకపోతే నాయనకు ద్రోహం చేసినట్టే. పలకను అరగదీసేటప్పుడు లేచే దుమ్ములో సిలికా ఉంటుంది. అది ఊపిరితిత్తుల్లో దిగి మచ్చలు కడుతుంది, దానికి మందు లేదు. నాయన దగ్గు నాయనతోనే పోయింది. అంతకన్నా బాధ ఇంకొకటుంది. మా వీధి పిల్లలు చాలామంది బడికి పోవాల్సిన వయసులో పలకలు మోశారు, రుద్దారు, చట్రాలు బిగించారు. 1987లో బాలకార్మికుల మీద జాతీయ విధానం వచ్చి, 1988లో కేంద్రం జాతీయ బాలకార్మిక ప్రాజెక్టు మొదలుపెట్టినప్పుడు తొలి విడతలో తీసుకున్న పరిశ్రమల జాబితా చూడండి. శివకాశి అగ్గిపెట్టెలు, ఫిరోజాబాద్ గాజు, సూరత్ వజ్రాల పక్కన మార్కాపురం పలకలూ ఉన్నాయి. దేశంలోని పిల్లలు ఏ పలక మీద 'అ' దిద్దారో, ఆ పలకను 'అ' రాని పిల్లలు చేశారు. ఆ పలకకు కుంకుమ పెట్టి సరస్వతి అన్నాం. పదార్థం పవిత్రమైతే చాలదు. దాన్ని చేసిన చేతులకు న్యాయం జరగకపోతే ఆ పూజ ఎవరికి చెందుతుంది? ఈ ప్రశ్నకు నాకు ఏ గ్రంథంలోనూ జవాబు దొరకలేదు.

తర్వాత నోటుపుస్తకాలు చవకయ్యాయి, అట్టపలకలొచ్చాయి, ప్లాస్టిక్ పలకలొచ్చాయి. రాతిపలక ఫ్యాక్టరీలు చాలా మూతబడ్డాయి. ఉన్న రాయి గోడలకు, నేలకు పరిచే బండలై విదేశాలకు పోతోంది. ప్లాస్టిక్ పలక మా ఊరి తిండి తీసిందని అందరూ అంటారు, అది నిజం. కానీ ఏ పిల్లవాడి ఊపిరితిత్తుల్లోనూ రాతి దుమ్ము పోయకుండా అది తయారవుతుంది, అదీ నిజమే. ఆ ప్లాస్టిక్ పలక నెలరోజుల్లో మూల విరిగి, గీతలు పడి, బలపం పట్టక మూలకు చేరే మాట కూడా నిజమే. అక్షరాభ్యాసానికి అడిగితే రాతిపలకే ఇస్తాను. అంగన్‌వాడీ చంటిపిల్లలకు కాలి మీద పడినా దెబ్బ తగలని ప్లాస్టిక్‌దే తీసుకోమంటాను.

ప్లాస్టిక్‌ను తిట్టడం తేలిక. పశ్చిమ ప్రకాశంలో ఉండి దాన్ని ఊరికే తిట్టడం అన్యాయం. కనిగిరి వైపు ఊళ్లలో ఫ్లోరైడు నీళ్లు తాగి పళ్లు పసుపెక్కి, కాళ్లు వంకరపోయిన మనుషుల్ని నేను చూశాను. అలాంటి చోటికి శుద్ధి చేసిన నీటిని మోసుకొచ్చేది ఇరవై లీటర్ల ప్లాస్టిక్ క్యానే. ట్యాంకరు కోసం ఎండలో బారులు తీరి కూర్చునేవి ప్లాస్టిక్ బిందెలే. ఇత్తడి బిందె నిండా నీళ్లు ఎత్తుకుని ఎంతదూరం నడవగలదు ఆ ఆడమనిషి? బత్తాయి తోటలో చెట్టు మొదట చుక్కచుక్క నీరు వేసేది పాలిథిన్ గొట్టమే. యూరియా సంచి సంగతి చెప్పనక్కరలేదు. పాలీప్రొపిలీన్ పట్టీలతో నేసిన ఆ సంచి ఎరువు దించాక వడ్ల సంచి అవుతుంది, విప్పి కుడితే కళ్లంలో పట్టా అవుతుంది, చివరికి బర్రెల కొట్టానికి తడిక అవుతుంది. మా అవ్వ పాల కవర్లను కూడా కడిగి దండెం మీద ఆరేసేది. ఆమె ప్లాస్టిక్‌కు చేసిన మర్యాద అది. దాని మీద ఏ దేవుడి బొమ్మా లేదు, అయినా చేసింది.

నేను నమ్మేది ఇదీ: ప్రతి పదార్థానికీ ఒక ఆయుష్షు ఉంది, దానికి తగ్గ పని ఇవ్వడమే దాన్ని గౌరవించడం. బిందెకు ప్లాస్టిక్ తగినది. ఏళ్ల తరబడి ఉంటుంది, ఏళ్ల తరబడి పనిచేస్తుంది. పద్దుకు కాగితం తగినది. అన్నానికి ఆకు తగినది, ఒక పూట పని, కొన్నాళ్లలో మట్టి. తప్పు ఎక్కడంటే, వందల ఏళ్లు చావని పదార్థానికి అయిదు నిమిషాల పని చెప్పడంలో ఉంది. కుంకుమను గుడి నుంచి ఇంటిదాకా మోయడానికి ఒక కవరు. కొబ్బరిచిప్పకు ఒక కవరు. ఆ అయిదు నిమిషాల పని మీద స్వామి బొమ్మ అచ్చువేయడంతో తప్పు రెట్టింపవుతుంది. పారేయలేని దాన్ని పారేయక తప్పని స్థితిలో భక్తుణ్ణి పెడుతున్నాం.

ఈ కవర్లు ఎక్కడికి పోతాయో చూడాలంటే నెమలిగుండ్ల పోవాలి. రాచర్ల మండలంలో, నల్లమల అడవిలో రంగనాయకస్వామి గుడి. శనివారం గిద్దలూరు నుంచి, కంభం నుంచి, మా మార్కాపురం నుంచి జనం పోతారు. పక్కనే గుండ్లకమ్మ నది గుండంలోకి దూకుతుంది. రాళ్ల సందుల్లో ఇరుక్కున్న కవర్లను నేను కర్రతో లాగాను. కరకరలాడేవీ సాగేవీ, రెండు రకాలూ ఉన్నాయి, సగంవాటి మీద పసుపు ఇంకా అంటుకునే ఉంది. అన్నదానం చోట విస్తర్లు కుప్పగా ఉన్నాయి. చూడ్డానికి అరిటాకులా ఆకుపచ్చగా, ఈనెలు కూడా గీసినట్టు ముద్రించి ఉన్న కాగితపు విస్తర్లు. కింద కాగితం, పైన పాలిథిన్ పొర. టీ కప్పులోపల కూడా అదే పొర ఉంటుంది, లేకపోతే కాగితం టీని ఎలా పట్టుకుంటుంది? మోదుగాకుతో, అడ్డాకుతో కుట్టిన విస్తరి ఎంత తేలిగ్గా చిరిగిపోయేదో, పశువు ఎంత ఇష్టంగా తినేదో గుర్తున్నవాళ్లు మా వయసువాళ్లలో ఇంకా ఉన్నారు. ఈ ఆకుపచ్చ కాగితాన్ని ఆవు తింటే పొర కడుపులో ఉండిపోతుంది. ఆ గుండం నీరే కిందికి పోయి కంభం చెరువును నింపుతుంది. 2020లో అంతర్జాతీయంగా వారసత్వ నీటిపారుదల కట్టడమని గుర్తింపు తెచ్చుకున్న చెరువు అది. కొండ మీద దేవుడికిచ్చి వదిలేశామనుకున్న కవరు కింద తూము దగ్గర కాచుకుని ఉంటుంది. శ్రీశైలం పోయే దోర్నాల దారిదీ ఇదే కథ. అదైతే పులుల అభయారణ్యంలోంచి పోయే దారి.

ఈ సందేహం మనకొక్కరికే కాదు. కంభంలో నేనెరిగిన ముస్లిం కుటుంబాలు చిరిగిపోయిన ఖురాన్ పుటలను శుభ్రమైన గుడ్డలో చుట్టి, మనిషి అడుగు పడని చోట పాతిపెడతారు. యూదులు దేవుడి పేరున్న ఏ కాగితాన్నీ పారేయరు. కైరోలోని బెన్ ఎజ్రా ప్రార్థనాలయంలో అలా దాచిన గది నుంచే వందల ఏళ్ల నాటి చీటీలూ ఉత్తరాలూ లెక్కలూ బయటపడి, 1890ల్లో కేంబ్రిడ్జికి చేరాయి. మన తాళపత్రాలు చిరిగితే కొత్త ఆకు మీద తిరగరాసి, పాతదాన్ని నదిలో కలిపేవారు. ఆ ఆచారాలన్నిటికీ ఆధారం ఒక్కటే. రాసిన వస్తువు కరగగలదన్న నమ్మకం. వాటిని ఏర్పరిచినవాళ్లకు కరగని కాగితం ఊహలో కూడా లేదు.

చట్టం కొంత చేసింది. 2022 జూలై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువుల నిషేధం వచ్చింది. అలంకరణ థర్మకోల్, 100 మైక్రాన్లకన్నా పలుచని పీవీసీ బ్యానర్లు, మిఠాయి డబ్బాల మీదా ఆహ్వానపత్రాల మీదా చుట్టే పలుచటి పొర కూడా ఆ జాబితాలో ఉన్నాయి. శుభలేఖకు అతికించిన పొర మాత్రం ఇంకా అలాగే వస్తోంది. చట్టం చేయని పని అమ్మేవాడి చేతిలో ఉంటుంది కాబట్టి నా కొట్టు సంగతి నేను చూసుకున్నాను. దేవుడి బొమ్మ వేసిన ప్లాస్టిక్ కవర్లు తెప్పించడం మానేశాను. పూజ సామాను పాత పేపరులో పొట్లం కట్టి, పురికొస చుట్టి ఇస్తున్నాను. ఆ పెద్దావిడ మూటలో పంచాంగమూ క్యాలెండరూ నానబెట్టి మా కరివేపాకు చెట్టు మొదట్లో కప్పాను. ఫ్లెక్సీని కడిగి తిరిగిచ్చి, మళ్లీ కట్టెల మీదే కప్పుకోమన్నాను, స్వామి కట్టెలు కాపాడితే తప్పేం లేదని చెప్పాను. వెండి పొర కవర్లకూ శుభలేఖ పొరలకూ మాత్రం నా దగ్గర దారి లేదు. పాత సామాను కొనేవాళ్లు వాటిని ముట్టుకోరు, రెండు మూడు పొరలు అతుక్కున్న సరుకు కరిగించి పోత పోయడానికి పనికిరాదు. అవి అట్టపెట్టెలో అటక మీదున్నాయి.

ఈ మాఘమాసం ముహూర్తాలకు శుభలేఖలు చూడ్డానికి వచ్చిన ఒక పెళ్లికూతురి తండ్రికి ఇదంతా చెప్పాను. పొర లేని మందపాటి కాగితం చూపించి, బొమ్మ బదులు 'శ్రీరస్తు, శుభమస్తు' అని అచ్చు వేయించుకోమన్నాను. "స్వామి లేకుంటే శుభలేఖ ఎట్లవుతుందయ్యా?" అన్నాడాయన. పక్కనున్న ఆయన భార్య కాగితాన్ని చేతిలోకి తీసుకుని తడిమి చూసింది. మెరిసే అట్టకు పసుపు రాస్తే నిలవదు, దీనికైతే నాలుగు మూలలా చక్కగా పట్టుకుంటుందంది. ఆయన కాసేపు ఆలోచించి, దూరపు చుట్టాలకు బొమ్మ ఉన్నవే కావాలి, ఊళ్లో పంచేవి మాత్రం నువ్వు చెప్పినట్టే వేయించు అన్నాడు. రెండు రకాలకూ ఆర్డరు రాసుకున్నాను.